కాపడం ఇసుక

నలభై రెండు డిగ్రీల దగ్గర నీడకణం చచ్చిపోలేదు. చచ్చిపోయి ఉంటే పోలేశ్వరి హాయిగా కంప్యూటరు ఆపేసి, గదికి పోయి, ఇంత పులుసు కాచుకుని తినేది. చచ్చిన కణం వల్ల ఎవరికీ భయం లేదు. ఇది బతికింది. తప్పుగా బతికింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండవాలున ఉన్న ఆ ప్రయోగశాలలో పోలేశ్వరి కొన్నేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. మనిషి రక్తపు చుక్కలోంచి ఒక కణాన్ని తీసి, దాని లోపలున్న డీఎన్ఏ పోగును ఈ కొస నుంచి ఆ కొస దాకా యంత్రం చేత చదివించి, అచ్చం అలాంటిదాన్నే కంప్యూటరులో కట్టడం. పోగు ఒక్కటే కాదు, దాన్ని చుట్టుకున్న నీళ్లూ, ఆ నీళ్ల కదలికా, అన్నీ కట్టాలి. దానికి వాళ్లు నీడకణం అని పేరు పెట్టుకున్నారు. మనిషి జోలికి పోకుండా వాడి నీడ మీద రేడియేషన్ కొట్టొచ్చు. పోగు ఎక్కడ తెగిందో చూడొచ్చు. కాలాన్ని గిర్రున తిప్పి, ఆ కణం ముప్పై ఏళ్ల తర్వాత ఏ దారి పడుతుందో కూడా చూడొచ్చు.

పోలేశ్వరి జాలరి ఇంటి పిల్ల. కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు లావుపాటి పుస్తకాలు తియ్యదు. "వలలో ముళ్లచేప పడిందనుకోండి. వల తెగుతుంది. ఒడ్డుకు వచ్చాక మావాళ్లు నీడపట్టున కూర్చుని, తెగిన కొసలు వెతికి ముడేస్తారు. మన ఒంట్లోనూ అలాంటి మరమ్మతుగాళ్లు ఉన్నారు. రోజూ తెగుతుంది, రోజూ కలుస్తుంది. అందుకే బతికున్నాం," అంటుంది.

ఆ రోజు ఉదయం ప్రయోగశాల పెద్ద హయగ్రీవరావు కాఫీ గ్లాసుతో వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మంచివాడే. కాకపోతే మనిషిని చూస్తే రక్తపు చుక్కలాగా, రక్తపు చుక్కని చూస్తే జర్నల్లో అచ్చయ్యే పేపరులాగా కనబడే జబ్బు ఉంది ఆయనకి.

"మన నీడలన్నీ ఎప్పుడూ ముప్పై ఏడు దగ్గరే కూర్చున్నాయేమండీ? వీళ్లకి జ్వరాలు రావా?" అన్నాడు.

నిజమే. ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. పోలేశ్వరి ఎవరిదో పేరు లేని నీడని తీసి వేడి పెంచింది. రేడియేషన్ మాత్రం చాలా తక్కువ పెట్టింది, నేలలోంచీ రాళ్లలోంచీ అందరికీ తగిలే దానికంటే కాస్త ఎక్కువ. ముప్పై ఏడు దగ్గర పోగు అక్కడా ఇక్కడా తెగింది. మరమ్మతుగాళ్లు వచ్చారు, కలిపారు, పోయారు. ముప్పై తొమ్మిదిలో కాస్త ఆలస్యం. నలభై రెండుకి ఎక్కించేసరికి రేడియేషన్ దెబ్బకి నీళ్లలో పుట్టిన నిప్పురవ్వలు చల్లనప్పటికంటే దూరం పరిగెత్తి, ఎక్కువచోట్ల కొరికాయి. మరమ్మతుగాళ్లు వచ్చారు గానీ, ఎండదెబ్బ తిన్న మనుషుల్లాగా కొసలు చేత్తో పట్టుకుని ఊరికే నిలబడిపోయారు. వేడిని అలాగే ఉంచింది. అప్పుడు వాళ్లు ముడేశారు. ఏ కొస దొరికితే ఆ కొసకి. తల వైపు పోగుని తోక వైపు పోగుతో.

తప్పు ముడులతోనే ఆ కణం రెండైంది. రెండు నాలుగయ్యాయి.

"పేపరండీ ఇది!" అన్నాడు హయగ్రీవరావు. కాఫీ ఆయన చొక్కా మీద పడింది. ఆయన చూసుకోలేదు.

పోలేశ్వరికీ సంతోషంగానే ఉంది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. అమ్మ.

"పోలీ! సెల్లిని ఆసుపత్రి నుంచి తెచ్చీసినామే. గుంట బంగారంలాగున్నాది. బరువే తక్కువ, కోడిపిల్లంత. నువ్వేటీ బయపడకు. అటక మీంచి ఇసుక దించినాను. మంగలంలో ఏగుతోంది. తల్లికీ పిల్లకీ కాపడం ఎట్టీసినామంటే అయిదో నాటికి కాళ్లాడించీదా లేదా సూడు."

ఫోనులోంచి, అమ్మ మాటల వెనకాల, మట్టి మంగలంలో ఇసుక కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. గర్రుగర్రుమని. చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడే. పోలేశ్వరి ఎదురుగా తెర మీద నలభై రెండు అని అంకె వెలుగుతోంది.

"అమ్మా," అంది.

"ఏటే?"

"ఏ ఇసుక?"

"ఏ ఇసుకేటి, మనింటి ఇసుకే. ఊరికి ఇంకో ఇసుక ఉన్నాదేటి?" అని తల్లి దానమ్మ ఫోను పెట్టేసింది.

శ్రీకాకుళం తీరాన నల్లదిబ్బలపేట అని పోలేశ్వరి పుట్టిన ఊరు. అక్కడి ఇసుక నలుపు. దాంట్లో కాస్త రేడియేషన్ ఉందని అందరికీ తెలుసు. ఎప్పుడో ఒకాయన మీటరు పట్టుకుని వచ్చి, తీరమంతా తిరిగి, "ఇందులో భయపడేదేమీ లేదు" అని చెప్పి, చేపల కూర తిని వెళ్లాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చదువుకున్నాక పోలేశ్వరి కూడా లెక్కేసి చూసింది, ఏమీ లేదు. ముప్పై ఏడు దగ్గర ఏమీ లేదు.

ఆ ఊళ్లో ఆడవాళ్లు నలభై దాటేసరికి కొందరు పల్చనైపోయేవారు. రక్తం నీళ్లలాగా అయిపోయి, ముట్టుకుంటే నల్లమచ్చలు పడి, వానాకాలం రాకముందే పోయేవారు. పోలేశ్వరి నాయనమ్మ అలాగే పోయింది. మేనత్త అలాగే పోయింది. ఊళ్లో దానికి సముద్రపుగాలి అని పేరు. మగవాళ్లకి తక్కువగా తగిలే సముద్రపుగాలి ఏమిటని ఎవరూ అడగలేదు, సముద్రం మీదికి పోయేది మగవాళ్లయినా సరే.

పోలేశ్వరి మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

*

ఇంటి ముందుకి రాగానే వాము పొగ, వెల్లుల్లి వాసన, కొబ్బరిపీచు కాలిన వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలాయి. చెల్లెలు సుగుణ మొగుడు గుజరాతు వైపు బోట్ల మీద వేటకి పోయాడు, ఇంకా కూతురి మొహం చూడలేదు. బాలింత గది తలుపు మూసి ఉంది. కిటికీకి గోనెపట్టా. లోపల అడుగు పెడితే కాల్చిన కుండలో అడుగు పెట్టినట్టుంది.

"ఏటే, పీనుగ కాడికి వచ్చినట్టు వచ్చినావు? సంటిదాన్ని సూడ్డానికొచ్చిన ముకమేనా అది?" అంది దానమ్మ. ఆమె పొయ్యి దగ్గర గొంతుకూర్చుని మంగలంలో ఇసుకని గరిటెతో తిప్పుతోంది. మొహం చెమటతో మెరుస్తోంది.

నులకమంచం మీద సుగుణ నడుముకింద ఒక ఇసుకమూట. ఆమె పక్కన పాతచీర మడతల మీద పాప. ఆ మడతల కింద, వెడల్పుగా పరిచిన ఇంకో ఇసుకమూట. పాప నిజంగానే కోడిపిల్లంత ఉంది. ఎర్రగా, నోరు తెరిచి నిద్రపోతోంది.

పోలేశ్వరి మీటరు తీసింది. గుమ్మం దగ్గర అది చూరునీళ్లు పడ్డట్టు టక్కు... టక్కుమని కొట్టింది. మంచం దగ్గరికి పోయేసరికి వాన పట్టుకుంది. పాప పక్కకి తెచ్చేసరికి చుక్కకీ చుక్కకీ మధ్య సందు లేదు. నూనెలో రొయ్యలు వేసినట్టు చుయ్యిమని ఒకటే మోత.

పోలేశ్వరి మీటరు కింద పడేసి పాపని ఎత్తుకుంది.

"దించు! దించే! ఒళ్లు సల్లబడిపోద్ది!" దానమ్మ గరిటెతో సహా లేచింది.

"అప్పా, ఏటది? ఎందుకలగ కూత్తంది?" అంది సుగుణ.

పోలేశ్వరికి లెక్క కుదరడం లేదు. తీరాన ఇసుక ఇంత కూయదు. పదింతలు కూయించినా ఇంత కూయదు.

"అమ్మా, ఈ ఇసుక ఎక్కడిది?"

"మా అత్తది. మా అత్తకి ఆళ్ల అత్త ఇచ్చినాది." దానమ్మ గొంతులో కోపం పోయి మురిపెం వచ్చింది. ఈ ప్రశ్న ఎవరైనా అడగాలని ఆమె చాలాకాలంగా కాచుకున్నట్టుంది. "తీరం మీద దొరికిందల్లా కాపడానికి పనికొస్తాదనుకున్నావేటి? పెతి పురుడికీ ఓ గంపెడు కొత్త ఇసుక తెచ్చి దీంట్లో కలిపి, సేటతో సెరుగుతాం. తేలికది ఎగిరిపోద్ది. బరువుది ఉండిపోద్ది. బరువుదే ఏడిని పట్టుకుంటాది. ఇదుగో, ఇలగొచ్చి సూడు."

మంగలంలోంచి గరిటెడు తీసి కిటికీ సందులోంచి పడుతున్న ఎండలో పట్టింది. నల్ల ఇసుక మధ్య తేనెరంగు గింజలు. నల్ల ఇసుక మధ్య అనడం కూడా తప్పే, తేనెరంగు మధ్యనే నలుపు కొంచెం కనిపిస్తోంది.

"ఈ గింజలెంత ఎక్కువుంటే ఇసుక అంత మంచిది. ఊళ్లో మనింటి ఇసుకకే పేరు. ఆళ్ల ఇసుక సాలకపోతే అడిగి అట్టుకెళ్తారు."

పోలేశ్వరి ఆ గింజలని గుర్తుపట్టింది. రేడియేషన్ ఉన్నది ఆ తేనెరంగు గింజల్లోనే. యంత్రాలు పెట్టి, కంచె వేసి, ముక్కుకి గుడ్డలు కట్టుకుని జనం చేసే పనిని తన తాతమ్మలూ నాయనమ్మలూ అమ్మా తరాల తరబడి చేటతో చేసుకొచ్చారు. పొట్టు తీసి గింజ దాచినట్టు, విషం తప్ప అన్నీ ఎగరగొట్టి, మిగిలిందాన్ని వేడి చేసి, పురిటిబిడ్డల వీపుకిందా, ప్రతి కాన్పుకీ తల్లుల నడుముకిందా పరిచారు. ఎంత శ్రద్ధగా చేసిన ఇంట్లో అంత చెడు.

"అమ్మా, దీంట్లో విషముంది. ఊరికే ఉంటే కొద్దిగా. వేడి చేస్తే..." ఎలా చెప్పాలో తెలియలేదు. "తెగిన వల తప్పుగా కట్టుకుపోద్ది. లోపల. రక్తంలో. నాయనమ్మకీ అత్తకీ వచ్చింది సముద్రపుగాలి కాదు."

దానమ్మ గరిటెని మంగలంలో పడేసింది. "నీకు సదువెక్కువైపోయి మెదడు ఏడెక్కినాది," అంది. "ఒలే, నువ్వు నెల తక్కువ పిల్లవి. పుట్టినప్పుడు ఈ గుంటలో సగం లేవు. బతకదు, పాలుగూడా తాగలేదు, ఇంటికట్టుకుపొమ్మన్నారు. మా అత్తా నానూ ఒకరి తరవాత ఒకరం కన్ను మూయకుండా ఈ ఇసుక మీద పెట్టి పొదిగినాం నిన్ను. నెల పైన. కోడి గుడ్డుని పొదిగినట్టు. ఈ ఇసుకే నేకపోతే నువ్వు నేవు. ఇప్పుడొచ్చి దీంట్లో ఇసముందంటావా?"

అందులో అబద్ధం ఏమీ లేదు. అదే పోలేశ్వరిని భయపెట్టింది. ఆ వేడి నిజంగానే తనని బతికించింది.

"పారబోసేస్తాను," అంది.

"పారబొయ్యి. పక్కింట్లో అడిగి తెస్తాను. ఇంటింటికీ ఉన్నాది. ఎన్ని పారబోస్తావు?"

సుగుణ ఏడుపు గొంతుతో, "అప్పా, నా పాపకేటవుతాదో సెప్పే. అమ్మతో తరవాత దెబ్బలాడుదువు," అంది.

పోలేశ్వరి పాప మడమ తుడిచి, సూదితో గుచ్చి ఒక చుక్క తీసింది. పాప కెవ్వుమంది. దానమ్మ "అయ్యో నా తల్లీ" అని చెంగుతో ఆ మడమ పట్టుకుని, ఆ పట్టుకోవడంలోనే ఏదో తేల్చుకున్నట్టు తలెత్తింది. సముద్రం ఒడ్డున పచ్చి చేపని ఎగాదిగా చూసి బేరమాడే మనిషి ఆమె. ఏది అడిగితే ఎదుటివాడు కాదనలేడో ఆమెకి తెలుసు.

"సరే. దీన్ని ఒక్కదాన్నే ఎందుకు గుచ్చినావు? నీ రక్తం తియ్యి. ఈ ఇసుక మీద నెల పైన పడుకున్నది నువ్వు. నీ మిషన్లో నిన్ను సూసుకో. నీలో ఏటీ నేకపోతే నా ఇసుక నా ఇంట్లో ఉంటాది, మరి నోరెత్తకు. నీలో ఏటన్నా ఉంటే నానే అట్టుకెళ్లి పాతీసి వస్తాను. నా మాటకి తిరుగు నేదు."

పోలేశ్వరి ఇన్నేళ్లూ వందల నీడలు కట్టింది. తన నీడ కట్టుకోవాలని ఏనాడూ అనిపించలేదు. అనిపించకపోవడానికి కారణం తీరిక లేకపోవడం అనుకుంది ఇన్నాళ్లూ.

"అప్పటిదాకా కాపడం ఆపుతావా?"

"నువ్వొచ్చీదాకా ఆపుతాను. సంటిదాని కాళ్లు సల్లబడితే మాత్రం ఆగను."

"పాపకి బట్టలిప్పి సుగుణ గుండెల మీద పడుకోబెట్టండి. ఒంటికి ఒళ్లు తగిలేలా. పైన దుప్పటి కప్పండి. తల్లి ఒంటివేడి ఎంత కావాలో అంతే ఉంటాది, దాటదు," అంది పోలేశ్వరి. సుగుణ అప్పటికే జాకెట్టు హుక్కులు తీస్తోంది.

*

ప్రయోగశాలకి వచ్చి పోలేశ్వరి మొదట చేసిన పని, తన లెక్కలో తప్పు వెతకడం.

ఇన్నేళ్లూ ఎవరైనా తప్పు చూపిస్తే ఆమెకి అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఒక్క తప్పు దొరికితే పోలమ్మ తల్లికి కోడిని కోస్తానని మొక్కుకుంది. నీళ్ల కదలిక తప్పుగా రాశానేమో. మరమ్మతుగాళ్లు మెత్తబడే వేడి పొరపాటున తక్కువ వేశానేమో. ఒక చోట సున్నా తేడా వచ్చి ఉంటుందేమో. వరసవరసా చదివింది. చిరుగు కోసం వలని దీపానికెదురుగా పట్టుకుని చూసినట్టు చూసింది. ఎక్కడా చిరుగు లేదు. జీవితంలో అంత బాగా చేసిన పని ఇంకోటి లేదు.

హయగ్రీవరావుకి ఊరి సంగతి అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీడ నీడేనండీ. మనిషి కాదు. ఇంత చిన్న ఆధారం మీద ఊరంతా గగ్గోలు పెట్టించలేం. అసలు ఇప్పుడు కావలసింది రుజువు. ఆ ఊళ్లో పుట్టబోయే పిల్లలకి కాపడానికి ముందో చుక్క, తర్వాతో చుక్క తీసుకోగలిగితే..." అని, పోలేశ్వరి మొహం చూసి ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏమి వచ్చిందో ఆయనకి అప్పుడే వినిపించినట్టుంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకోవడానికి చెవి దొరకలేదు. "క్షమించండి," అన్నాడు. "ఇసుక దాచడానికి మందపాటి డబ్బాలు ఉన్నాయి కింద. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లండి. అధికారులతో నేను మాట్లాడతాను."

మొదట పాప నీడ తయారైంది. అసలు కణంలోనే పోగు అక్కడక్కడా తెగి ఉంది. నీడ దాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. మరమ్మతుగాళ్లు కొసలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంకా ముడెయ్యలేదు. పోలేశ్వరి వేడిని ముప్పై ఏడుకి దించి కాలాన్ని మెల్లగా ముందుకి తిప్పింది. వాళ్లు కదలలేదు. తర్వాత ఒకడు కదిలాడు. ఇంకొకడు. సరైన కొసకి సరైన కొస. దాదాపు అన్నీ కలిశాయి. కాలాన్ని ముప్పై ఏళ్లు, యాభై ఏళ్లు తిప్పింది. పాప నీడ మామూలు మనిషి నీడలాగే ముసలిదైంది.

మళ్లీ వెనక్కి తెచ్చి, ఇంకొన్నాళ్లు కాపడం పెట్టి చూసింది. ఎక్కువ చూడలేకపోయింది. ఆపేసింది.

అంటే దారి ఉంది. ఇసుక ఇప్పుడు పోవాలి. ఇవాళో రేపో పోవాలి. అమ్మ మాట మీద పోవాలి. అమ్మ మాట తన రక్తం మీద ఉంది.

రెండో నీడ తయారైందని తెర మీద గుర్తు వచ్చింది. పోలేశ్వరి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద రోడ్డు మీద ముంతమసాలా బండివాడు ఉల్లిపాయ తరుగుతున్నాడు. కాలేజీ పిల్లలు ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. చాలాసేపు వాళ్లనే చూసింది. తన మోచేతి మీద మూడు వారాల కిందట ఎక్కడో తగిలిన నల్లమచ్చ ఇంకా పోలేదని అప్పుడు చూసుకుంది.

వెనక్కి వచ్చి, నీడని తెరిచింది.

ముడులు పాతవి. గట్టిపడి, కణంతోపాటే పెరిగి, వలలో భాగమైపోయిన ముడులు. తల వైపు పోగు తోక వైపు పోగుతో. తను కొత్తవాళ్లకి బొమ్మ గీసి చూపించేది అచ్చం అలాగే. కాలాన్ని ముందుకి తిప్పే మీట మీద వేలు పెట్టింది. కొద్దిగానే తిప్పింది. తనకి నలభై ఏళ్లు వచ్చేదాకా పోనవసరం లేకపోయింది.

*

బస్సులో ఆమె అబద్ధాలు కట్టింది. రక్తం పాడైపోయింది, నీడ రాలేదని ఒకటి. నాది బాగుంది గానీ పాపది బాగాలేదని ఇంకొకటి. ఏది చెప్పినా ఇసుక ఇంట్లోనే ఉంటుంది. బేరం కట్టింది దానమ్మ. ఎటు నుంచి దూరినా సందు లేకుండా కట్టింది. పాపని బతికించాలంటే అమ్మకి నిజం చెప్పాలి. నిజం చెబితే, కన్ను మూయకుండా పొదిగిన ఆ నెల పైచిలుకూ ఏమి చేసిందో అమ్మకి తెలిసిపోతుంది. జబ్బు కంటే ఆ చెప్పడమే భయంగా ఉంది పోలేశ్వరికి. దారి పొడవునా జీడితోటలు వెనక్కి పోతున్నాయి. ఊరు దగ్గరయ్యేకొద్దీ, బస్సు చెడిపోతే బాగుండునని చిన్నపిల్లలాగా అనుకుంది.

దానమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. మంగలం పక్కనే ఉంది. లోపల సుగుణ గుండెల మీద, దుప్పటి కింద, పాప తల మాత్రం కనిపిస్తోంది.

"పాలు తాగుతోంది అప్పా," అంది సుగుణ లోపలి నుంచే. "కాళ్లు ఎచ్చగానే ఉన్నాయి."

"పాపకి ఏమీ కాదు. ఇసుక మళ్లీ ముట్టించకపోతే ఏమీ కాదు," అంది పోలేశ్వరి. సుగుణ ఏడ్చింది, నవ్వింది, పాప నెత్తి మీద ముద్దు పెట్టుకుంది.

దానమ్మ కదలలేదు. "దాని సంగతి ఇన్నాను. నీ సంగతి సెప్పు."

పోలేశ్వరి మీటరు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఉన్నాది," అంది.

ఎక్కడో ఇంజను బోటు ఒడ్డుకి వస్తున్న చప్పుడు. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని అటు పోతున్నారు. ఎవరో "దానమ్మొదినా, రాలేదేటి?" అని కేకేసి పోయారు.

"ఎంత ఉన్నాది?" అంది దానమ్మ.

"తెలీదమ్మా. మందులున్నాయి. ముందే తెలిసింది కాబట్టి చూపించుకుంటాను. అయినా అది నీడే. నీడ అబద్ధం కూడా చెప్పొచ్చు."

"నువ్వు కట్టిన నీడే కదా?"

"ఊఁ."

"మరైతే అబద్దమాడదు," అంది దానమ్మ. "నువ్వు కట్టింది ఏదీ ఇప్పటిదాకా ఊడిపోనేదు."

ఆమె లేచి, పోలేశ్వరి తెచ్చిన డబ్బా మూత తీసింది. మంగలం ఎత్తి ఇసుక దాంట్లోకి వంచింది. ఇసుక ఆఖరి గింజ దాకా బరువుగా, చప్పుడు లేకుండా జారింది. మూటలు విప్పింది. పాపకింద పరిచినదీ, సుగుణ నడుముకింద పెట్టినదీ కూడా వంచింది. చేట తెచ్చి, దాని అల్లికలో ఇరుక్కున్న గింజల్ని గోటితో గీకబోయింది. పోలేశ్వరి ఆపింది. చేట కూడా డబ్బాలోనే పెట్టారు, విరిచి.

"రేపు ఇంటింటికీ నానే ఎల్తాను," అంది దానమ్మ. "నువ్వు రావద్దు. నువ్వు సెప్తే సదువుకున్న టెక్కు అంటారు. నాను సెప్తాను. దానమ్మ ఇసుకకే గదా పేరు. ఆ ఇసుక మీద నాను ఏటి పొదిగినానో నాను సెప్తే ఇంటారు."

"అమ్మా, నీకు తెలిసి చెయ్యలేదు కదా."

"తెలిసి సేస్తే బాగుండీది. ఇంత బాగా సేసీదాన్ని కాదు."

ఆమె తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. మట్టితో తోమి కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అరచేతి గీతల్లో తేనెరంగు మెరుపు ఇంకా ఉందేమోనని ఎండకెదురుగా పట్టి చూసుకుని మళ్లీ కడుక్కుంది. పోలేశ్వరి గుమ్మంలో, అమ్మ లేచిన చోటే కూర్చుంది. మోచేతి మీది నల్లమచ్చని రెండో చేత్తో కప్పుకుంది.

దానమ్మ వచ్చి వెనకాల నిలబడింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినా, పరీక్ష తప్పుతానని ఏడ్చినా ఆమె మాటలు చెప్పేది కాదు. ఇసుకమూటతో వెచ్చబడిన చేత్తో వీపు రాసేది. ఆ చెయ్యి ఇప్పుడూ వీపు దాకా వచ్చింది. తగలలేదు. మధ్యలో ఆగిపోయింది. ముట్టుకుంటే కాలుతుందన్నట్టు, కాలేది తనో కూతురో తెలియనట్టు, అక్కడే గాలిలో ఉండిపోయింది.

పోలేశ్వరి వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి ఆ చేతిని పట్టుకుంది. లాగి తన వీపు మీద పెట్టుకుంది.

నీళ్లలో నానిన ఆ చెయ్యి చల్లగా ఉంది. అమ్మ చెయ్యి చల్లగా ఉండడం ఆమెకి అదే మొదటిసారి.

"తియ్యకు," అంది పోలేశ్వరి.